సాధనను చూసి నవ్వవచ్చు, మానకూడదు



ఈ పుటలో సాధారణంగా రక్తపోటు, మధుమేహం, కీళ్ళ నొప్పుల వంటి విషయాలు రాస్తూ ఉంటాను. ఈసారి మాత్రం ఒక హాస్య ధారావాహిక గురించి రాయబోతున్నాను. డాక్టరుగారు వయసు మీద పడి దారి తప్పారని అనుకోవద్దు. చివరి వరకు ఓపికగా చదివితే ఇది కూడా ఆరోగ్య విషయమేనని మీరే ఒప్పుకుంటారు.

ఒక శీతకాలపు సాయంత్రం

కొన్నేళ్ళ క్రితం నేనూ, మా శ్రీమతీ ఇంగ్లాండులో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళి మూడు నెలలు ఉన్నాము. అక్కడ శీతకాలంలో నాలుగు గంటలకే చీకటి పడిపోతుంది. నడకకు వెళ్ళడానికి లేదు, పలకరించే ఇరుగుపొరుగు లేదు. శనివారం సాయంత్రాలు మాత్రం ఇల్లంతా టీవీ ముందు చేరేది. బీబీసీ రెండవ ఛానల్‌లో 'డాడ్స్ ఆర్మీ' అనే పాత హాస్య ధారావాహికను ఇప్పటికీ మళ్ళీ మళ్ళీ ప్రసారం చేస్తూనే ఉంటారు. 1968 నుంచి 1977 వరకు తొమ్మిది విడతలుగా, మొత్తం 80 భాగాలుగా వచ్చిన ధారావాహిక అది. జిమ్మీ పెర్రీ, డేవిడ్ క్రాఫ్ట్ అనే ఇద్దరు రచయితలు దానిని రాశారు. జిమ్మీ పెర్రీ కుర్రవాడిగా ఉన్న రోజుల్లో స్వయంగా హోంగార్డులో పనిచేసినవాడు. కాబట్టి ఆ కథల్లోని హాస్యం ఊహలోంచి పుట్టినది కాదు, అనుభవంలోంచి వచ్చినది.

కథా నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. 1940 మే నెల. హిట్లర్ సేనలు ఫ్రాన్సును ముంచెత్తుతున్నాయి. తరువాతి వంతు ఇంగ్లాండుదేనని అందరికీ భయం. మే 14వ తేదీ రాత్రి యుద్ధ మంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో ఒక విజ్ఞప్తి చేశారు. 17 నుంచి 65 ఏళ్ళ మధ్య వయసు ఉండి, సైన్యంలో లేని మగవారు స్వచ్ఛందంగా ఊరి కాపలాకు ముందుకు రావాలని కోరారు. ఆ ప్రసంగం పూర్తికాక ముందే జనం పోలీసు స్టేషన్లకు బయలుదేరారని చెబుతారు. వేసవి మధ్యకు వచ్చేసరికి ఆ సంఖ్య పది లక్షలు దాటింది. జీతం లేదు. మొదట్లో తుపాకులు కూడా లేవు. వేటతుపాకులు, కర్రలు, పాత కత్తులు పట్టుకుని రాత్రిపూట గస్తీ తిరిగారు. మొదట 'స్థానిక రక్షణ వలంటీర్లు' అని పిలిచిన ఈ దళానికి చర్చిల్ పట్టుబట్టి జూలైలో 'హోంగార్డు' అని పేరు మార్పించారు. మన ఊళ్ళలో కూడళ్ళ వద్ద ఖాకీ దుస్తుల్లో నిలబడే హోంగార్డుకు ఆ పేరు ఆ చరిత్రలోంచి వచ్చినదే. మన దేశంలో ఆ దళం 1946 డిసెంబరులో బొంబాయిలో మొదలైంది.

యువకులందరూ అసలు సైన్యంలోకి వెళ్ళిపోగా మిగిలినవారు ఎవరు? వయసు మళ్ళినవారు, వయసు రానివారు, ఏదో ఒక రుగ్మత ఉన్నవారు. 'డాడ్స్ ఆర్మీ' అంటే నాన్నల సైన్యం అని అర్థం. నిజానికి తాతల సైన్యం అనాలి. కల్పిత సముద్రతీర పట్టణం ఒకదానిలో బ్యాంకు మేనేజరు కెప్టెన్ అవుతాడు. ఆయన పేరు రాసేటప్పుడు మెయిన్‌వేరింగ్ అని రాస్తారు, పలికేటప్పుడు మానరింగ్ అంటారు. బ్యాంకులో ఆయన కింద పనిచేసే విల్సన్ సార్జంటు. మాంసం కొట్టు నడిపే జోన్స్ కార్పొరల్. శవపేటికలు చేసే ఫ్రేజర్, చాటుమాటు సరుకు అమ్మే వాకర్, వాళ్ళమ్మ మెడకు మఫ్లర్ చుట్టి పంపే కుర్ర గుమాస్తా పైక్, ఉద్యోగ విరమణ చేసిన గాడ్‌ఫ్రే మిగిలిన సిపాయిలు.

యుద్ధ పాఠశాల

ఆ సాయంత్రం మేము చూసినది 1969లో మొదటిసారి ప్రసారమైన 'బ్యాటిల్ స్కూల్' అనే భాగం. మన కథానాయకులు శని ఆదివారాల శిక్షణ కోసం ఒక యుద్ధ పాఠశాలకు బయలుదేరుతారు. కెప్టెన్ మానరింగ్ చేతిలో మ్యాపు ఉంటుంది, కనుక సహజంగానే దారి తప్పుతారు. ఆలస్యంగా చేరేసరికి భోజనాల వేళ దాటిపోయింది. అక్కడి శిక్షకుడు రోడ్రిగ్స్ అనే స్పెయిన్ దేశస్థుడు. గెరిల్లా యుద్ధంలో రాటుదేలినవాడు. అతనికి వీరి వయసు మీద గానీ, ఆకలి మీద గానీ ఏమాత్రం కనికరం లేదు. బురదలో పాకమంటాడు, చెవుల పక్కన టపాసులు పేలుస్తాడు. ప్రతి పరీక్షలోనూ ముందుగా పడేది, ఇరుక్కునేది, తడిసేది మానరింగే. దళం ముందు ఆయన పరువు గంటగంటకూ తరిగిపోతూ ఉంటుంది.

చివరి పరీక్ష ఒకటుంది. ఆ శిక్షణ కేంద్రపు ముఖ్య స్థావరాన్ని స్వాధీనం చేసుకోవాలి. అంతవరకు అక్కడికి వచ్చిన ఏ హోంగార్డు దళమూ ఆ పని చేయలేకపోయింది. మానరింగ్ దళం మాత్రం ఆ పని చేస్తుంది. ఎలాగంటే, కెప్టెన్‌గారు మళ్ళీ ఒక గోతిలో పడిపోతారు. ఆ గొయ్యి ఒక సొరంగంలోకి, ఆ సొరంగం నేరుగా స్థావరంలోకి దారి తీస్తాయి!

కథలో ఆ స్పెయిన్ శిక్షకుడు ఊరికే వచ్చిన పాత్ర కాదు. 1940 జూలైలో లండన్ పశ్చిమాన ఆస్టర్లీ పార్కు అనే జమీందారీ ఎస్టేటులో నిజంగానే అటువంటి బడి ఒకటి వెలిసింది. దానిని నడిపిన టామ్ వింట్రింగ్‌హామ్ స్పెయిన్ అంతర్యుద్ధంలో అంతర్జాతీయ దళాల తరఫున పోరాడి గాయపడినవాడు. పొంచి ఉండడం, ట్యాంకులను ఆపడం, చెట్టూ పుట్టా చాటున కనిపించకుండా కదలడం వంటివి గుమాస్తాలకు, దుకాణదారులకు, రైతులకు అక్కడ నేర్పారు. కొద్ది నెలలకే యుద్ధ శాఖ ఆ బడిని తన చేతిలోకి తీసుకుంది. వృత్తి సైనికులు కాని వారికి సాధన నేర్పితే పనికి వస్తారా అనే ప్రశ్నకు ఆనాటి సమాజం ఇచ్చిన జవాబు అది.

మా మనవడు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. నేనూ నవ్వుతున్నాను. అప్పుడు మా అమ్మాయి నా వైపు తిరిగి, "నాన్నగారూ, ఈ కెప్టెన్ అచ్చం మీలాగే ఉన్నారండీ. చిన్నప్పుడు ఆసుపత్రి క్వార్టర్సులో మిమ్మల్ని అందరూ ఏమనేవారో గుర్తుందా?" అంది.

గుర్తు లేకపోవడమేమిటి? 'డ్రిల్లు డాక్టరు' అనేవారు. మా శ్రీమతి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నవ్వాననే అనుకుంటాను. కానీ ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ పేరు నాకు ఎందుకు వచ్చిందో మా అమ్మాయికి తెలియదు. ఆమెకు నేను ఎన్నడూ చెప్పలేదు.

నిండుగా ఉన్న సిలిండరు

1980ల తొలి సంవత్సరాలు. కోస్తా ప్రాంతంలో ముప్పై పడకల ప్రభుత్వ ఆసుపత్రి. నాకు ముప్పై రెండో, ముప్పై మూడో ఏళ్ళు. ఒక శీతకాలపు రాత్రి రెండు గంటలకు ఒక యువకుడిని మంచం మీద మోసుకొచ్చారు. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. ఉబ్బసం. ఊపిరి అందక మెడ కండరాలు బిగుసుకుపోతున్నాయి, పెదవులు నీలంగా మారాయి. ఇంజెక్షన్లు ఇచ్చాను. ఆక్సిజన్ పెట్టమన్నాను. సిలిండరు దొర్లించుకొచ్చారు. దానిని తెరిచే కీ లేదు.

కీ ఎక్కడుంది? స్టోరు బీరువాలో ఉంది. బీరువా తాళం ఎక్కడుంది? కాంపౌండరుగారి దగ్గర ఉంది. ఆయన ఇల్లు ఆసుపత్రికి అర మైలు దూరం. సైకిలు మీద మనిషిని పంపాము. ఈలోగా రెంచితో, పటకారుతో, చివరికి వట్టి చేతులతో ఆ వాల్వును తిప్పడానికి ప్రయత్నించాను. అరచేతి చర్మం చిట్లిందే గాని అది కదలలేదు. కీ వచ్చేసరికి ఆ యువకుడు వెళ్ళిపోయాడు. ఆక్సిజన్ అందితే తప్పకుండా బతికేవాడని నేను చెప్పలేను. వైద్యంలో అంత నిశ్చయంగా మాట్లాడకూడదు. కానీ అవకాశం ఉండేది. ఆ అవకాశాన్ని అతనికి ఇవ్వలేకపోయాము.

అతని తల్లి నన్ను ఏమీ అనలేదు. "చివరిదాకా చేశారు బాబూ" అని నా చేతులకు అంటిన రక్తాన్ని తన కొంగుతో తుడిచింది. ఆ సిలిండరు నిండుగానే ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియదు, నాకు తెలుసు.

తప్పు ఎవరిదని వెతికితే చాలామంది పేర్లు చెప్పవచ్చు. కానీ ఆ ఆసుపత్రిలో చేరి అప్పటికి పదకొండు నెలలైనా ఆ సిలిండరును ఒక్కసారైనా తెరిచి చూడని డ్యూటీ డాక్టరును నేనే. మర్నాడు ఉదయం ఆ కీని గట్టి నవారు తాడుతో సిలిండరు మెడకు కట్టాను. తరువాతి శనివారం మధ్యాహ్నం మొదటి డ్రిల్లు పెట్టాను.

శనివారం నాటకాలు

మా పి.యు.సి. రోజుల్లో ఎన్.సి.సి. తప్పనిసరి. చైనా యుద్ధం తరువాత ప్రభుత్వం అలా నిర్ణయించింది. వదులు నిక్కర్లు వేసుకుని, ఎత్తలేని బరువున్న తుపాకులు భుజాన పెట్టుకుని, ఎడమ కాలికీ కుడి కాలికీ తేడా తెలియకుండా కవాతు చేసిన అనుభవం నాకుంది. డ్రిల్లు అనే మాటకు నాకు తెలిసిన నమూనా అదొక్కటే. అందుచేత మొదటి శనివారం హెడ్ సిస్టరును, ఇద్దరు నర్సులను, ఎం.ఎన్.ఓ.లను, వాచ్‌మన్‌ను, వంటమనిషిని కూడా వరుసలో నిలబెట్టాను. వారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ నాటకాలలో జరిగిన తప్పులు చెబితే 'డాడ్స్ ఆర్మీ' రచయితలు కూడా అసూయపడతారు. రోగి వేషం వేయడానికి ఒప్పుకున్న వాచ్‌మన్ రాత్రంతా మేలుకున్నవాడు కావడంతో స్ట్రెచరు మీద నిజంగానే గుర్రుపెట్టి నిద్రపోయాడు. మెట్ల దగ్గర స్ట్రెచరు వాలితే లేచి, "దొంగలు, దొంగలు" అని అరిచాడు. ఒకసారి స్ట్రెచరు వార్డు గుమ్మంలోంచి లోపలికి పట్టలేదు. పక్కకు వంచితే రోగి జారిపోయాడు. అప్పుడు చూస్తే ఆ గుమ్మానికి రెండు తలుపులు ఉన్నాయి. రెండో తలుపు గడియ తుప్పు పట్టి ఏళ్ళ తరబడి మూసే ఉంది. ఇంకోసారి కరెంటు పోయిందనుకుని పెట్రోమాక్సు వెలిగించమంటే, పెట్రోమాక్సు ఉంది, కిరసనాయిలు ఉంది, మాంటిల్ లేదు. మా ఎం.ఎన్.ఓ.లలో ఒక పెద్దాయన, ఆరు నెలల్లో ఉద్యోగ విరమణ చేయబోతున్నవాడు, ప్రతి శనివారమూ "కంగారు పడకండి బాబూ" అంటూ ముందుగా తానే కంగారుపడి, చేతిలో ట్రే వదిలేసేవాడు. ధారావాహికలో జోన్స్ కూడా సరిగ్గా అలాగే చేస్తాడు. తెర మీద ఆయనను చూడగానే నాకు మా పెద్దాయనే కళ్ళముందు కదిలాడు.

ఊళ్ళో నవ్వుకున్నారు. జిల్లా కేంద్రంలో ఒక అధికారి, "మీది ఆసుపత్రా, డ్రామా కంపెనీయా?" అని అడిగారు. నేను బిగుసుకుపోయి, మరింత గంభీరంగా, మరింత గట్టిగా ఆజ్ఞలు ఇచ్చేవాడిని. మానరింగ్ కూడా అంతే. నవ్వులపాలైన కొద్దీ ఛాతీ విరుచుకుంటాడు. ఆయన గర్వం వెనుక ఒక భయం ఉంది. శత్రువు వచ్చే రోజుకి మనం సిద్ధంగా ఉండకపోతే ఎలా అని. ఆ భయాన్ని చెప్పుకోవడం చేతకాక ఆజ్ఞలు ఇస్తాడు. నాదీ అదే రోగం. మా సిబ్బందికి నేను ఆ యువకుడి పేరు మీదే ఇదంతా చేస్తున్నానని ఒక్కసారి చెప్పి ఉంటే నవ్వేవారు కాదేమో. చెప్పలేదు.

ఏడు నెలల తరువాత ఒక పెళ్ళి బృందం వెళుతున్న ట్రాక్టరు కాలువ గట్టు మీద నుంచి బోల్తా పడింది. రాత్రి పదకొండు గంటలు, గాలివాన, కరెంటు లేదు. పద్నాలుగు మందిని తీసుకొచ్చారు. నేను క్వార్టర్సు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పెట్రోమాక్సు వెలుగుతోంది. వార్డు రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. సిలిండరు తలుపు పక్కనే ఉంది, తాడుకు కీ వేలాడుతోంది. కంగారుపడే ఆ పెద్దాయన వరండాలో గాయపడినవారి మధ్య తిరుగుతూ, అరుస్తున్నవారిని కాదని, అరవకుండా పడి ఉన్నవారి దగ్గరకు ముందుగా స్ట్రెచరు తెప్పిస్తున్నాడు. అరిచేవాడికి ఊపిరి ఆడుతోంది, అరవనివాడిని ముందు చూడాలని నేను ఏ శనివారమో చెప్పాను. వింటున్నాడని నేను అనుకోలేదు.

ఆ రాత్రి నేను ఆజ్ఞలు ఇవ్వవలసిన అవసరం రాలేదు. ఇద్దరిని కాపాడుకోలేకపోయాము. నలుగురిని జిల్లా ఆసుపత్రికి పంపాము. మిగిలిన ఎనిమిది మంది అక్కడే కోలుకున్నారు. తరువాతి శనివారం డ్రిల్లుకు పిలవకుండానే అందరూ వచ్చారు. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి వాచ్‌మన్ మళ్ళీ నిద్రపోయాడు, అప్పుడు అందరం కలిసి నవ్వాము.

మానరింగ్ గోతిలో పడి సొరంగం కనుక్కోవడాన్ని చూసి అదంతా అదృష్టం అంటారు. నిజమే. కానీ ఆ అదృష్టం తలుపు తట్టేనాటికి ఆయన ఇంట్లో కుంపటి పక్కన కూర్చుని లేడు. అర్ధరాత్రి, ఆకలితో, బురదలో నిలబడి ఉన్నాడు. మాకు ఆ తుప్పు పట్టిన తలుపు కనబడడం కూడా అటువంటి అదృష్టమే.

గాడ్‌ఫ్రే గారి ఇబ్బంది

ఇప్పుడు ఒక వైద్య విషయం. ఈ ధారావాహికలో గాడ్‌ఫ్రే మృదువైన, మర్యాదస్తుడైన వృద్ధుడు. ఎంత ముఖ్యమైన ఘట్టం నడుస్తున్నా కొంచెం బయటికి వెళ్ళి వస్తానని అనుమతి అడుగుతూ ఉంటాడు. ప్రేక్షకులు నవ్వుతారు. నేనూ నవ్వాను. అప్పుడు మా శ్రీమతి తెలుగులో, నాకు మాత్రమే వినబడేలా, "మీరు మాత్రం? రాత్రి నాలుగుసార్లు లేస్తున్నారు. నేను నిద్రపోతున్నానని అనుకుంటున్నారు" అంది.

నలభై ఏళ్ళు రోగులకు చెప్పిన మాటలను నేను నాకు చెప్పుకోలేదు. ఇండియా వచ్చాక మిత్రుడైన యూరాలజిస్టు దగ్గరకు వెళ్ళాను. ప్రోస్టేటు గ్రంథి పెరిగింది, అదృష్టవశాత్తు క్యాన్సరు కాదు. రోజుకొక మాత్రతో రాత్రి లేవడం ఒక్కసారికి తగ్గింది. రెండేళ్ళు సిగ్గుతో భరించిన బాధ అది.

అరవై దాటిన మగవారికి నా మనవి ఇది. మాటిమాటికీ మూత్రానికి వెళ్ళవలసి రావడం, ధార సన్నబడడం, మొదలుకావడానికి ఆలస్యం కావడం, పూర్తిగా ఖాళీ కాలేదనిపించడం వయసుతో వచ్చే శిక్షలు కావు, చికిత్స ఉన్న లక్షణాలు. మధుమేహం వల్ల కూడా కొన్ని ఇలాగే ఉంటాయి కనుక రక్తంలో చక్కెర చూపించుకోవాలి. మూత్రంలో రక్తం కనబడినా, హఠాత్తుగా మూత్రం పూర్తిగా ఆగిపోయినా ఆలస్యం చేయకూడదు. బయటికి వెళ్ళాలంటే భయపడి పగలంతా నీళ్ళు తాగడం మానేసేవారున్నారు. అది మరీ ప్రమాదం. రాత్రి చీకటిలో తడుముకుంటూ లేచి, పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న వారిని నేను ఎందరినో చూశాను.

గాడ్‌ఫ్రే గురించి మరొక్క మాట. ఆ పాత్ర వేసిన ఆర్నాల్డ్ రిడ్లీ 1896లో పుట్టారు. ధారావాహిక మొదలయ్యేటప్పటికి ఆయనకు 72 ఏళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో సోమ్ పోరాటంలో బాయినెట్ పోట్లు తిన్నారు. ఎడమ చెయ్యి దాదాపు పనికిరాకుండా పోయింది. తలకు తగిలిన దెబ్బ వల్ల ఏళ్ళ తరబడి స్పృహ తప్పేది. అయినా రెండవ యుద్ధం రాగానే మళ్ళీ సైన్యంలో చేరి ఫ్రాన్సు వెళ్ళారు. ఆరోగ్య కారణాలతో వెనక్కి పంపితే హోంగార్డులో చేరారు. తెర మీద ఆయన నడకలో కనిపించే తడబాటును చూసి నవ్వేవారిలో ఎందరికి ఇది తెలుసో!

'బ్రాండెడ్' అనే మరో భాగంలో గాడ్‌ఫ్రే మొదటి యుద్ధంలో ఆయుధం పట్టడానికి నిరాకరించినవాడని తెలిసి దళమంతా ఆయనను వెలివేస్తుంది. తరువాత పొగ నిండిన గదిలో శిక్షణ జరుగుతుండగా మానరింగ్ స్పృహ తప్పితే, ప్రాణానికి తెగించి బయటికి లాగినవాడు ఆ గాడ్‌ఫ్రేయే. గాయపడినవారిని మోసే పనిలో చూపిన ధైర్యానికి అతనికి ఆ యుద్ధంలోనే పతకం వచ్చిందని అప్పుడు బయటపడుతుంది. ఆ తరువాత దళానికి ప్రథమ చికిత్స చేసే బాధ్యత ఆయనదే అవుతుంది. ఆపద వేళ ఎవరు నిలబడతారో వయసును బట్టి, కండలను బట్టి చెప్పలేము.

ఇంట్లో ఒక శనివారం

మర్నాడు ఆదివారం. ఉదయం మా మనవడు నా దగ్గరకు వచ్చి, "తాతయ్యా, అమ్మ చెప్పింది, నువ్వు డ్రిల్లులు చేయించేవాడివట కదా. నువ్వు పడిపోతే నేనేం చెయ్యాలి?" అని అడిగాడు.

ఎన్నో ఆసుపత్రులలో, ఎందరికో నేర్పాను. నా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. ఆ ఉదయం సోఫా దిండు నేల మీద పెట్టి, మా అమ్మాయిని, అల్లుడిని, మనవడిని, చివరికి మా శ్రీమతిని కూడా కూర్చోబెట్టాను. ఆ యువకుడి సంగతి, ఆ కీ సంగతి అప్పుడే మొదటిసారి వారికి చెప్పాను. మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత దిండు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "చెప్పండి నాన్నగారూ, చేతులు ఎక్కడ పెట్టాలి?" అంది.

మీరు కూడా ఈ శనివారం మీ ఇంట్లో అరగంట ఇలా గడపాలని నా కోరిక.

మొదటిది, గుండె ఆగినప్పుడు. మనిషి కుప్పకూలి, పిలిచినా తట్టినా పలకక, ఊపిరి మామూలుగా తీయకపోతే వెంటనే ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఒకరు ఛాతీ మధ్యన, రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ, దాని మీద రెండో చెయ్యి ఉంచి, మోచేతులు వంచకుండా గట్టిగా నొక్కాలి. పెద్దవారికి సుమారు 5 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీ మళ్ళీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి, ఎందుకంటే చేసేవారు త్వరగా అలసిపోతారు. సహాయం వచ్చేవరకు ఆపకూడదు. దిండు మీద రెండు నిమిషాలు చేసి చూడండి. ఎంత కష్టమో తెలుస్తుంది. ఆ కష్టం ముందుగా తెలియడమే సాధన. అవకాశముంటే బొమ్మ మీద శిక్షణ ఇచ్చేచోట నేర్చుకోవడం ఇంకా మంచిది.

రెండవది, పక్షవాతం. మానరింగ్ పాత్రధారి ఆర్థర్ లోవ్ 1982లో, 66 ఏళ్ళ వయసులో, నాటక ప్రదర్శనకు ముందు వేషధారణ గదిలో పక్షవాతంతో కుప్పకూలి మరణించారు. మూతి ఒక పక్కకు వంకర పోవడం, ఒక చెయ్యి వాలిపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినా గడియారం చూసి సమయం గుర్తుపెట్టుకోండి. మెదడులో రక్తం గడ్డ కట్టి ఉంటే కరిగించే మందు నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఎంత ముందైతే అంత మేలు. తెల్లవారనిద్దామని ఆగకూడదు.

మూడవది, ఫోన్ చేయడం. నవ్వకండి. 108కి ఫోన్ చేసి తమ ఇంటి చిరునామా చెప్పలేకపోయిన చదువుకున్నవారిని నేను చూశాను. ఇంట్లో ప్రతి ఒక్కరితో, పిల్లలతో సహా, మన వీధి, దగ్గరలోని గుడి లేదా బడి, ఏ మలుపు తిరగాలో బిగ్గరగా చెప్పించండి.

నాలుగవది, మా సిలిండరు కీ. మీ ఇంట్లో అది ఏమిటో కనుక్కోండి. పెద్దవారు వాడే మందుల జాబితా కావచ్చు, ఆరోగ్య బీమా కార్డు కావచ్చు, పాత ఈసీజీ ఫైలు కావచ్చు, రాత్రిపూట తాళం వేసే గేటు తాళంచెవి కావచ్చు. అది ఎక్కడుందో ఒక్కరికే తెలిస్తే అది లేనట్టే లెక్క. అందరికీ తెలిసిన చోట, చేతికి అందే ఎత్తులో తాడు కట్టి వేలాడదీయండి.

మొదటిసారి చేసినప్పుడు మీ ఇంట్లోవారు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ బ్రిటిష్ తాతల సైన్యాన్ని కూడా నవ్వారు. వారు ఎదురుచూసిన జర్మను సేన రానే లేదు. 1944 డిసెంబరులో వారిని పంపించివేశారు. అయినా నాలుగున్నర ఏళ్ళ పాటు పగలు ఉద్యోగం, రాత్రి గస్తీ చేశారు. కాపలాలో, బాంబు దాడులలో, శిక్షణ ప్రమాదాలలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. శత్రువు రాకపోవడం వారి శ్రమ వృథా కావడం కాదు. మీ ఇంట్లో కూడా ఆ ఆపద ఎన్నడూ రాకూడదనే నేను కోరుకుంటున్నాను.

మా మనవడు ఇప్పుడు కాలేజీకి వచ్చాడు. ఫోన్ చేసినప్పుడల్లా, "తాతయ్యా, కీ ఎక్కడుంది?" అని అడుగుతాడు. "సిలిండరు మెడకే ఉందిరా" అని జవాబు చెబుతాను. మా ఇద్దరికీ అది పలకరింపుగా మారిపోయింది.

అందరికీ ఆరోగ్యమస్తు.